‘సూసుకో యమ్మా’ అనే ఆదోని మిస్త్రీ

ఆదోని మిస్త్రీ చనిపోయాడని మా ఆయన చెప్పినప్పుడు నేను మొదట అడిగిన మాట, “ఎవరు చెప్పినారు?” అని.

“టైర్ల అంగడి కాడ చెప్పినారు.”

“టైర్లాయప్పకు ఎవరు చెప్పినారంట?”

మా ఆయన చేతిలో సంచి కింద పెట్టి నావైపు చూశాడు. “మనిషి సచ్చిపోయినాడంటే గూడా సాక్షి కావల్లనా నీకి?”

కావాలి. నాకు ఎప్పుడూ కావాలి. నలభై దాటేదాకా అక్షరం రాని మనిషిని నేను. కాగితం మీద ఏముందో ఎదుటివాడు చదివి చెప్తే తలూపి వేలిముద్ర వేసినదాన్ని. పత్తి కాటా దగ్గర “చూసుకోండమ్మా, బాగా చూసుకోండి” అని పదిసార్లు అన్నవాడు ఒకడు, ఒక ఏడాదంతా కాటా కింద చెక్క పెట్టి తూచాడని తరువాత తెలిసింది. అప్పటినుంచి ఎవరైనా చూసుకోమంటే నేను చూపించిన వైపు కాక, దాని కిందికి చూడడం మొదలుపెట్టాను.

ఈ మిస్త్రీ నోట్లో ఎప్పుడూ అదే మాట. “సూసుకో యమ్మా.”

అతని పేరు నాకు తెలియదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. మా ఆయన ఫోన్లో ఆదోని మిస్త్రీ అనే ఉండేది. బక్కపలచటి మనిషి, అరవై దాటి ఉంటాయి. షెడ్డు లేదు, అంగడి లేదు. బండి ఎక్కడ ఆగిపోతే అక్కడికి, ఎవరి ఇంటి ముందు ఉంటే ఆ ఇంటి ముందుకు బస్సులోనో ఆటోలోనో సంచి పట్టుకుని వచ్చేవాడు. అంగడి లేని మనిషి తప్పు చేస్తే ఎక్కడికి పోయి నిలదీస్తాం? నా మొదటి అనుమానం అదే.

మా ఊరు ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య. మాకొక పాత జీపు ఉంది. పత్తి తీత రోజుల్లో మా ఊరి ఆడవాళ్ళు పన్నెండు మందిని ఎక్కించుకుని కౌతాళం వైపు చేలకు పోతాం. మా ఆయన నడుపుతాడు. మనుషులను కూడగట్టేది నేను. వాళ్ళతో పాటు నేనూ ఒడి కట్టుకుని పత్తి తీస్తాను. జీపు కదలకపోతే ఆ రోజు పన్నెండు మందికి పని లేదు.

ఒక ఏడు కౌతాళం దారిలో బండి వేడెక్కి పొగలు కక్కింది. కింద నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతున్నాయి. ఎట్లాగో చల్లార్చుకుంటూ ఇంటికి తెచ్చి మిస్త్రీని పిలిపించాం.

అతను వచ్చీరాగానే బండి ముట్టుకోలేదు. దూరంగా నిలబడి మా ఆయనను ఇంజను వేయమన్నాడు. సంచిలోంచి పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, దాని కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అంత చప్పుడులో ఏమి వినపడుతుంది? నాటకమనుకున్నాను. ఇంజను ఆపించి, ఇంకా వేడి మీద ఉండగానే ఫ్యాను రెక్కను వేలితో తోశాడు. అది గిరగిరా నాలుగు చుట్లు తిరిగింది. తరువాత రెక్కను పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాడు. టకటకమంది.

“సూసుకో యమ్మా. నీళ్ళ పంపు బేరింగు పోయింది. ఫ్యాను క్లచ్చు గూడా పోయింది. రెండూ మార్చల్ల.”

“కారేది పంపు కదన్నా. ఫ్యాను తిరుగుతానే ఉంది, దానికేమొచ్చె?”

“అది తిరగడమే జబ్బు,” అన్నాడు.

ఫ్యాను మధ్యలో పళ్ళెమంత ఇనుప డబ్బా ఒకటి ఉంటుంది. అదే క్లచ్చు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఫ్యానును వదులుగా వదిలేస్తుందట, వేడెక్కినాక గట్టిగా పట్టుకుని విసురుగా తిప్పుతుందట. వేడి మీద కూడా వేలితో తోస్తే తిరిగిందంటే దానికి పట్టు పోయినట్టు. పైగా అది కూర్చునేది పంపు ఇరుసు మీదే. అది ఊగితే పంపును కూడా ఊపి చంపుతుంది. “ఒకటి మార్చి ఒకటి ఉంచితే ఆర్నెల్లకు మీరు నన్ను తిడతారు. నాకు తిట్లు పడవు యమ్మా,” అన్నాడు.

ఒక రోగానికి రెండు మందులు రాసే డాక్టరును చూసినట్టు చూశాను అతన్ని.

రెండు రోజుల తరువాత సామాను తెచ్చాడు. పంపు డబ్బాను సంచిలో వేసుకుని, క్లచ్చును మాత్రం తువ్వాలులో చుట్టి, బస్సులో ఒళ్ళో నిలబెట్టుకుని వచ్చాడట. మా అరుగు మీద కూడా గోడకు ఆనించి నిలబెట్టాడు. నేను పక్కకు జరపబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. “పండుకోబెట్టొద్దు. కడుపులో నూనె ఉంటాది, కారిపోతాది.” ఇనుముకు కడుపేమిటి, నూనేమిటి అనుకుంటూ చెయ్యి తీశాను.

ఆ రోజంతా నేను పీట వేసుకుని అతని ఎదురుగా కూర్చున్నాను. మా ఆయనకు సిగ్గనిపించి రెండుసార్లు లోపలికి పిలిచాడు, నేను లేవలేదు. ఇంటి ముందు జరిగే పనిలో అదొక సౌకర్యం, కాపలా కాయవచ్చు.

మిస్త్రీకి నా కాపలా పట్టలేదు. చేతులకు పొడిమట్టి రుద్దుకున్నాడు, గ్రీజు అంటకుండా. నన్ను ఒక అట్టముక్క అడిగాడు. దాని మీద పెన్సిలుతో పంపు ఆకారం గీశాడు. ఒక్కొక్క బోల్టు ఊడదీసి, అది ఏ మూలనుంచి వచ్చిందో అట్ట మీద ఆ మూలనే గుచ్చాడు. “ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. పొడుగుది పొట్టిదాని తావులో పెడితే లోపల పొడుస్తాది. సూసుకో యమ్మా.” నేను బోల్టులు లెక్కపెట్టుకున్నాను.

క్లచ్చు నట్టు విప్పేటప్పుడు స్పానరు అందరూ బిగించే వైపుకు తోస్తున్నాడు. నేను పీట మీదనుంచి లేచాను. “అన్నా, బిగిస్తాండావు. విప్పేది అటు కాదు.”

“ఇది ఉల్టా మర యమ్మా. ఇటు తిప్పితేనే ఊడేది.”

“అన్నీ ఒకతీరుగా ఉంటే ఇది ఒకటే ఉల్టా ఎందుకుంటాది?”

“ఇంజను ఒకపక్కకే తిరుగుతా ఉంటాది. మామూలు మర పెడితే ఆ తిరుగుడుకు అదే ఊడిపోతాది. ఉల్టా పెట్టినారు గాబట్టి తిరిగేకొద్దీ బిగుస్తాది.” అంటూ స్పానరు మీద ఒక దెబ్బ వేశాడు. నట్టు వదులైంది. అతను నావైపు చూసి నవ్వాడు. “నీ మాదిరే. అందరూ ఇప్పే దిక్కున నువ్వు బిగుస్తావు.”

నేను నవ్వలేదు.

అప్పటికి నాకు అక్షరాలు వచ్చి రెండేళ్ళు. తెలుగు కూడబలుక్కుని చదివేదాన్ని. అంకెలు బాగా వచ్చేవి. ఇంగ్లీషు రాదు. అతను బీడీ కాల్చుకోవడానికి గోడ దాటి పోయినప్పుడు కొత్త పంపు డబ్బా తెరిచి, దాని ఒంటి మీద పోతపోసిన అంకెలు నా నోటుబుక్కులో ఎక్కించాను. అంకెల చివర రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటే వాటిని బొమ్మల్లా దించాను. బిగించేటప్పుడు ఇదే బిగిస్తాడో లేదో చూడాలి కదా.

ఇదే బిగించినట్టు కనపడింది, కానీ అతని చేతులు అడ్డమై అంకెలు సరిచూడలేకపోయాను.

పని అయ్యాక పాత పంపు, పాత క్లచ్చు తనకిమ్మన్నాడు. ఇక్కడే నా అనుమానానికి ఊపిరి వచ్చింది. మా ఊళ్ళో ఇంకొక జీపు ఉంది. దాన్ని నడిపే ఆయన నాతో అంతకుముందే అన్నాడు, “అక్కా, పాతవి ఆయప్ప సేతికియ్యొద్దు. రంగేసి ఎమ్మిగనూరులో కొత్తవని అమ్ముతాడంట.” ఎవరు చెప్పారని నేను ఆ మాటకు మాత్రం సాక్షి అడగలేదు.

“పాతవి మాకాడే ఉండనీ అన్నా,” అన్నాను.

“ఏం సేసుకుంటావు యమ్మా?”

“ఉండనీ.”

మూడుసార్లు అడిగాడు. నాలుగోసారి అడగకుండా చేతులు కడుక్కున్నాడు. నేను వాటిని అటక మీద పెట్టించాను.

చివరికి పచ్చనీళ్ళ డబ్బా తీశాడు. కూలెంటు. చూడడానికి పండగ షర్బత్తులా ఉంది. దాన్నే పోశాడు. పోసి మా ఇంటి ముందు బోర్లించిన బిందెలవైపు వేలు చూపించాడు. మా బోరునీళ్ళు ఉప్పు. బిందె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది, రాయితో రుద్దితే గానీ పోదు. “ఆ నీళ్ళు మాత్రం పొయ్యొద్దు. ఈటితోనే ఉండనీ. సూసుకో యమ్మా.”

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎద్దులున్న రోజుల్లో పొద్దున్నే వాటికి కుడితి పెట్టాకే మేము నోట్లో నీళ్ళు పోసుకునేవాళ్ళం. ఎద్దులు పోయి జీపు వచ్చింది, పద్ధతి పోలేదు. పొద్దున బండి కదిలేముందు బానెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, రేడియేటరు మూత తీసి చెంబెడు నీళ్ళు పోయడం ఆడవాళ్ళ పని. బండికి నీళ్ళు పెట్టడం అంటాం. మా అత్త చేసింది, నేను చేశాను. మిస్త్రీ పని ముగించి వెళ్ళాక ఇరవై రోజులు పసుపు కుంకుమ మాత్రం పెట్టాను. పస్తు పెట్టి పూజ చేసినట్టు ఉండేది.

ఇంజను పక్కనుండే నీళ్ళ డబ్బాలో పచ్చనీళ్ళు ఒక వేలెడు తగ్గాయి. ఇంకొక జీపు ఆయన ఒంగి చూసి, “ఆ రంగునీళ్ళు నెమ్మదిగా పంపును తింటాయంట అక్కా. మళ్ళీ ఆయప్పనే పిలిపించుకోవల్లని పోస్తాడు,” అన్నాడు. నాకు ఆ మాట సరిగ్గా సరిపోయింది. మిస్త్రీ తెచ్చిన కూలెంటు డబ్బా మూత ముందే వదులుగా ఉండడం నేను చూశాను. వాసన చూస్తే తియ్యగా ఉంది. తియ్యగా ఉన్నదేదీ ఊరికే ఉండదు.

మా ఆయన ఎవరి బండి మీదో ఆదోనికి పోయిన రోజు, నేను జీపు కిందికి దూరాను. మిస్త్రీ నీళ్ళు వదిలింది ఎక్కడో రోజంతా కాపలా కాసినదాన్ని కదా, చూసింది మరిచిపోలేదు. ఆ మర విప్పి పచ్చనీళ్ళన్నీ గుంతలోకి వదిలేశాను. మర బిగించి, బోరింగు దగ్గరనుంచి బిందెలతో నీళ్ళు తెచ్చి నింపాను. ఆ మరుసటి రోజునుంచి పొద్దున్నే మళ్ళీ చెంబు పట్టుకున్నాను. మా ఆయనకు చెప్పలేదు. బండికి నీళ్ళు పెట్టి చేలకు పోతుంటే కడుపు నిండినట్టు ఉండేది.

మరుసటి పత్తి తీతకు బండి కౌతాళం దగ్గర మళ్ళీ ఆగిపోయింది. అదే పంపు, అదే కారడం. పన్నెండు మంది ఎండలో రోడ్డు పట్టుకుని నడిచారు. వరసగా మూడు రోజులు పని లేదు.

మిస్త్రీ వచ్చేసరికి మా ఇంటి ముందు పత్తి తీసే ఆడవాళ్ళందరూ ఉన్నారు, బండి ఎప్పుడవుతుందో తెలుసుకుందామని. ఇంకొక జీపు ఆయన కూడా ఉన్నాడు, చేతులు కట్టుకుని. అందరిముందు నేను అన్నాను, “పాత పంపుకు రంగేసి బిగిచ్చి పోయినావు. మా నోటికాడ కూడు తీసినావు.”

అతను సంచి కింద పెట్టాడు. చేతులకు మట్టి రుద్దుకున్నాడు. అట్టముక్క అడిగాడు, ఎవరూ ఇవ్వలేదు. బోల్టులను నేల మీదే ఆకారం గీసి పేర్చుకున్నాడు. పంపు ఊడదీసి చేతిలో తిప్పాడు. లోపల రెక్కల మీద, గోడల మీద తెల్లటి పెచ్చు. గోటితో గీకి, ఆ పొడి నాలుక మీద పెట్టుకుని, ఉమ్మేశాడు. తలెత్తి బోర్లించిన మా బిందెలవైపు చూశాడు. తరువాత నన్ను చూశాడు.

నేను అప్పటికే నోటుబుక్కు తెచ్చుకుని ఉన్నాను. అతని చేతిలోని పంపు మీద అంకెలు కనపడుతున్నాయి. మొదటి అంకెనుంచి ఒక్కొక్కటీ సరిచూశాను. బొమ్మల్లా దించిన రెండు అక్షరాలూ సరిపోయాయి. నా చేత్తో నేను రాసుకున్నది అతనికి సాక్ష్యమైంది. నోటుబుక్కు మూసి కొంగు కింద పెట్టుకున్నాను.

“ఏమైందన్నా?” అని మా ఆయన అడిగాడు.

“నీళ్ళు ఆపే సీలు పోయింది. తప్పు నాదేలేప్పా. ఇంకోటి ఏస్తా.”

“ఏం తప్పు?”

“ఏసింది నేను కదా,” అన్నాడు.

ఇంకొక జీపు ఆయన అందరివైపు తిరిగి తలూపాడు, నేను చెప్పలేదా అన్నట్టు. మిస్త్రీ ఆ సాయంత్రానికల్లా కొత్త పంపు తెచ్చి బిగించాడు. తప్పు తనదన్నవాడు కూలి ఎట్లా అడుగుతాడు, అడగలేదు. లోపలంతా కడిగి పచ్చనీళ్ళు పోశాడు. పోయేముందు నా దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినపడేటట్టు అన్నాడు, “యమ్మా, బండికి దప్పిక గాదు.”

ఈసారి ఊడదీసిన పంపు నేనే ఇవ్వబోయాను. తీసుకోలేదు. “నీకాడే ఉండనీ,” అన్నాడు. దాన్నీ అటక మీదే పెట్టించాను.

ఆ తరువాత మా చుట్టుపక్కల ఊళ్ళలో అతన్ని పిలవడం మానేశారు. జీపుల వాళ్ళు, ఆటోల వాళ్ళు అందరూ. పాత పంపులేసే మిస్త్రీ అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది నేను. నోటుబుక్కు పెట్టెలో ఉంది.

నా అనుమానం అక్కడితో ఆగలేదు, దారి మార్చుకుంది. ఈ మనిషికి నిజం తెలుసు. తెలిసి ఎందుకు దాచాడు? ఊరికే ఎవరు దాస్తారు? ఎప్పుడో ఒకరోజు దీన్ని బయటకు తీసి నన్నేదో అడుగుతాడని ఎదురుచూశాను. ఏమడుగుతాడో నాకై నేనే రకరకాలుగా ఊహించుకున్నాను.

ఒకసారి ఎమ్మిగనూరు బస్టాండులో కనపడ్డాడు. సిమెంటు బల్ల మీద కూర్చుని, తువ్వాలు చుట్టిన క్లచ్చును ఒళ్ళో నిలబెట్టుకుని ఉన్నాడు. నేను తప్పించుకుని పోయేలోపలే చూశాడు.

“బండి ఎట్లుంది యమ్మా?”

“బాగుందన్నా.”

“ఏడెక్కుతాందా?”

“లేదు.”

“సరే అయితే.”

అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు అని అక్కడే నిలబడ్డాను. నందవరం బస్సు వచ్చింది. క్లచ్చును రెండు చేతులా పట్టుకుని లేచి, ఎక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు. అంతే. ఆ తరువాత నేను అతన్ని చూడలేదు.

పోయాడని తెలిసిన మరుసటి రోజు పొద్దున జీపులో ఆ మాట వచ్చింది. వెనక సీట్లోంచి ఒకామె, “ఏ మిస్త్రీ? మన బండికి పాత పంపు ఏసినాయప్పనా?” అని అడిగింది.

“పాతది ఏసలేదు,” అన్నాను. “ఆయప్ప పోసిన నీళ్ళు పారబోసి బోరునీళ్ళు పోసింది నేను. పంపు పోయింది దానికే.”

మా ఆయన కాలు యాక్సిలరేటరు మీదనుంచి కొంచెం లేచింది, బండి నెమ్మదించింది. అతను రోడ్డువైపే చూస్తున్నాడు. నా పక్కన కూర్చున్న లచ్చుమి చిన్నగా నవ్వింది. మా గుంపులో అందరికన్నా పాత మనిషి.

“ఇప్పుడు సెప్తాండావా అక్కా,” అంది.

“నీకు తెలుసునా?”

“నేను ఆ పొద్దు బోరింగు కాడ గుడ్డలు ఉతుకుతాంటి. నువ్వు బిందె మింద బిందె మోస్తాంటే, ఇంట్లో నీళ్ళు లేవేమో అనుకుంటి. సందులోంచి తొంగి సూస్తే బండికి పోస్తాండావు. ఈళ్ళకందరికీ తెలుసు.”

వెనక్కి తిరిగి చూశాను. పాత పంపు అన్నామె తల వంచుకుని ఒడిగుడ్డ సర్దుకుంటోంది.

“మరి ఆ పొద్దు అందరి ముందర నేను ఆయప్పను అంత మాట అంటాంటే ఎందుకు సెప్పలేదే?”

“జీపు నీది కదక్కా,” అంది లచ్చుమి.

కొంచెం దూరం పోయాక తనే మళ్ళీ అంది, “ఆయప్ప బస్సుకు పోతాంటే ఎంటబడి పోయి సెప్పినా. నీ తప్పు గాదన్నా, మాకు తెలుసు అని. దానికి ఆయప్ప, తెలిస్తే తెలిసిందిలే గానీ ఆ యమ్మ ముందర నోరు జారొద్దు, అనుమానం మనిషి, మిమ్మల్ని మళ్ళీ బండెక్కనీదు, పత్తి అయిపోయేదాకా ఓర్సుకోండి అనె.”

నేను ఎక్కనీయకుండా ఉండేదాన్నా? చేను వచ్చేదాకా అదే ఆలోచించాను. ఆ రోజుల్లో అయితే, లచ్చుమి నా మొహం మీద ఆ మాట అని ఉంటే, ఏమో. ఎక్కనిచ్చేదాన్ని కాదేమో. అతను నన్ను ఒక్కరోజు చూసి తెలుసుకున్నాడు, ఎటు తిప్పితే ఎటు బిగుస్తానో. నేను అతన్ని రోజంతా ఎదురుగా కూర్చుని చూశాను.

పత్తి తీసి ఇంటికి వచ్చాక అటక మీదనుంచి ఆ రెండో పంపు దించాను. రంగు లేదు, ఏమీ లేదు, లోపల తెల్లటి పెచ్చు అట్లాగే ఉంది. దాన్ని వీధివైపు అరుగు మీద పెట్టి, పక్కన నోటుబుక్కులో ఆ పేజీ తెరిచి పెట్టాను. అడిగినవాళ్ళకు చెప్తున్నాను. అడగకుండా పోయేవాళ్ళను పిలిచి చెప్తున్నాను.

ఇంకొక జీపు ఆయన సాయంత్రం అటే వచ్చాడు. “ఏందక్కా ఇది?”

జరిగింది చెప్పాను. నీళ్ళు, బిందెలు, అంకెలు, అన్నీ. అతను నోటుబుక్కువైపు, నావైపు మార్చి మార్చి చూశాడు. ఇందులో నాకేమి లాభమో వెతుకుతున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు.

“సూసుకోప్పా,” అన్నాను.

అతను పంపును చేతిలోకి తీసుకుని, ముందు దాన్ని తిరగేసి కింద ఏముందో చూశాడు.